దొరగారి గిన్నె

పళ్ళ డాక్టరు ఇరవై అయిదేళ్ళుగా రోజూ ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించి చూస్తూనే ఉన్నాడు. అయినా, దొర నోరు చూసినంత శ్రద్ధగా ఏ నోరూ చూడలేదు.

దొర ఆయన పెంచుకుంటున్న లాబ్రడార్ కుక్క. గోధుమరంగు ఒళ్ళు, ఏడేళ్ళ వయసు, ముప్ఫై నాలుగు కిలోల బరువు. కుక్కర్ కూత వేస్తే మంచం కిందికి దూరతాడు. ఒక ఆదివారం పొద్దున డాక్టరు వాడి పై పెదవిని రెండు వేళ్ళతో ఎత్తి, సెల్‌ఫోన్ లైటు వేసి, భార్యని పిలిచాడు.

"ఈ కోర చూశావా? రొట్టెముక్కలు నమలడానికి పుట్టిన పన్నా ఇది? చీల్చే పన్ను. వీడి లోపల తోడేలు ఉంది."

"లోపల పాచి ఉంది. ముందు అది గీకండి," అంది భార్య.

ఆవిడ ఇళ్ళకీ ఆఫీసులకీ లోపలి అలంకరణ చేస్తుంది. తన ఇంటి హాల్లో పాలమీగడ రంగు తివాచీ పరిచి, దానిమీద చెప్పులతో నడిచినవాళ్ళని పేరుపేరునా గుర్తుపెట్టుకుంటుంది. అందుకని, తోడేలు మాట వినగానే ఆవిడకి తివాచీయే గుర్తొచ్చింది. ఆ భయం నిజమే అయింది. మర్నాటి నుంచి ఫ్రిజ్‌లో పై అర మొత్తం పచ్చి మాంసానికి పోయింది. డాక్టరు ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పిన లెక్క ప్రకారం కండ ఇంత, ఎముక ఇంత, కాలేయం ఇంత అని త్రాసులో తూచి, డబ్బాల్లో సర్ది, డబ్బాల మీద తేదీలు రాసేవాడు. తన రోగుల కాగితాల మీద అంత గుండ్రంగా ఎప్పుడూ రాసి ఉండడు. దొర మొదటిరోజు కోడికాలు నోట కరచుకుని, వంటింట్లో స్థలం చాలనట్టు, తిన్నగా వచ్చి తివాచీ నడిమధ్య పడుకుని తిన్నాడు.

పది రోజులకి ఒకసారి వాంతి, ఆ తర్వాత రెండు రోజులు మలబద్ధకం, మూడో రోజు దానికి పూర్తి వ్యతిరేకం. అదీ తివాచీ మీదే. పచ్చి మాంసం కథ అంతటితో ముగిసింది.

తర్వాత ఆవిడ వంతు వచ్చింది. ఎక్కడో తయారైన సంచీలు దిగాయి. ఒక్కో సంచీ మీద కొండలు, సెలయేరు, గాలికి జూలు ఎగురుతున్న కుక్క. లోపల గోధుమరంగు గుళికలు. "శాస్త్రవేత్తలు తయారుచేశారు. చేతికి అంటదు, నేలకి అంటదు," అంది ఆవిడ. డాక్టరు ఎదురు చెప్పలేదు. రోజూ భోజనాల దగ్గర ఆ సంచీ పక్కన పెట్టుకుని, వెనక ఉన్న సన్న అక్షరాలు పైకి చదివేవాడు. "మాంస ఉప ఉత్పత్తులు. అంటే ఏమిటో చెప్పు. ముక్కా? గోరా?" అని అడిగేవాడు. వారం తిరిగేసరికి ఆవిడకే తిండి సహించడం మానేసింది. దొర చెవులు గోక్కోవడం మొదలుపెట్టాడు. అది గుళికల వల్లేనా అన్నది ఎవరికీ తెలియదు. డాక్టరుకి మాత్రం తెలుసు.

పశువుల డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరూ వెళ్ళారు. ఆవిడ పొట్టిగా, ఓపిగ్గా ఉంటుంది. తోడేలు వాదన మొత్తం విన్నది.

"అడవిలో తోడేలు ఏడెనిమిదేళ్ళకి మించి బతకడం తక్కువ, డాక్టరుగారూ. మీవాడికి ఇప్పటికే ఏడు," అని, కాగితం తీసి రాసింది. మెత్తగా ఉడికిన అన్నం, ఎముకల్లేని కోడిమాంసం, గుమ్మడికాయ, క్యారెట్, కొంచెం కాలేయం. ఉప్పు, ఉల్లిపాయ వద్దు. దించాక ఒక చెంచా చేపనూనె, పైన పొడిమందు. రోజుకి మూడు పూటలు. "కొన్నాళ్ళు ఇలా పెట్టండి. కడుపు కుదుటపడ్డాక మళ్ళీ చూద్దాం."

అలా ఆ ఇంటికి బియ్యం సంచీ వచ్చింది. అంతకుముందు ఆ ఇంట్లో బియ్యం లేదు. డాక్టరుకి పొట్ట పెరుగుతోందని భార్య ఏడాది క్రితమే మనుషులకి అన్నం మాన్పించింది. పచ్చి ఆకులు, నిలువునా కోసిన క్యారెట్లు, కాల్చిన రొట్టెముక్కలు, గింజలు, జీడిపప్పు. చూడ్డానికి పళ్ళెం పూలకుండీలా ఉండేది. వంటావిడ పొద్దున ఏడింటికి వచ్చి, పదకొండింటికి వెళ్ళేలోగా ఆకులు కడిగి బుట్టలో పెట్టి, మిగతా సమయమంతా దొర వంట చేసేది. పొయ్యి వెలిగేది దొర కోసమే.

ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉంది. డాక్టరు తల్లి. భర్త పోయాక రెండేళ్ళ క్రితం కొడుకు దగ్గరికి వచ్చింది. డెబ్బై ఆరేళ్ళు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. గొంతు విని ఊళ్ళో పెద్దపెద్దవాళ్ళు సైతం కాస్త మర్యాదగా మాట్లాడేవారట. ఇప్పుడు ఆవిడ పెద్దగా మాట్లాడదు. మాట్లాడితే పళ్ళు కదిలి టకటకమంటాయి.

ఆ పళ్ళు కొడుకు చేసినవి. నాలుగేళ్ళ క్రితం స్వయంగా అచ్చు తీసి, స్వయంగా రంగు ఎంచి, పై వరస, కింది వరస పెట్టాడు. "మా అబ్బాయి చేసిన పళ్ళు" అని అప్పట్లో ఆవిడ కనిపించినవాళ్ళందరికీ నవ్వి చూపించింది. వయసు పైబడుతున్నకొద్దీ చిగుళ్ళు అరుగుతాయి, పెట్టుడు పళ్ళు వదులవుతాయి. డాక్టరు ఆ సంగతి రోజూ ఎవరో ఒకరికి చెప్తూనే ఉంటాడు. తల్లి కింది చిగుళ్ళ మీద పుండు పడింది. క్యారెట్ కొరికితే కన్నీళ్ళు వచ్చేవి. ఆవిడ చెప్పలేదు. చెప్తే, కొడుకు పని బాగాలేదని చెప్పినట్టవుతుంది. ఇంత పేరున్నవాడికి ఇంట్లోవాళ్ళే వంక పెడితే బాగుంటుందా అనుకుంది.

పళ్ళెం ముందు కూర్చుని, జీడిపప్పు రెండు చప్పరించి, "నాకు ఆకలి లేదు" అని లేచేది.

"ఈ వయసులో తక్కువ తినడమే ఆరోగ్యం," అనేవాడు కొడుకు, దొర గిన్నెలోకి నూనె చెంచా కొలుస్తూ.

వేరే ఊళ్ళో చదువుకుంటున్న మనవరాలు సాయంత్రాలు ఫోన్ చేసేది. నానమ్మకి ఇవ్వనా అంటే, "తర్వాత మాట్లాడతాలే. దొర తిన్నాడా? వాడిని చూపించండి" అనేది.

దొరకి పొద్దున డాక్టరు పెట్టేవాడు, సాయంత్రం కోడలు పెట్టేది. మధ్యాహ్నం ఇద్దరూ పనిలో ఉంటారు కనక ఆ పని తల్లికి అప్పజెప్పారు. అన్నిటికంటే పెద్ద పూట మధ్యాహ్నానిదే. ఒంటిగంటకి డబ్బా వేడిచేసి, చేయి పెట్టి చూసి, నూనె కలిపి, పొడి చల్లి పెట్టాలి. ఫ్రిజ్ తలుపు మీద అంటించిన చార్టులో ఇవన్నీ వరసగా రాసి ఉన్నాయి.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఆవిడ డబ్బా మూత తీసింది. మెత్తటి అన్నం, పీచుపీచుగా విడిపోయిన కోడిమాంసం, పసుపుపచ్చగా కరిగిన గుమ్మడికాయ. ఆవిరి ముఖానికి కొట్టింది. ముందురోజు పొద్దుటి నుంచి ఆవిడ కడుపులో టీ తప్ప ఏమీ లేదు. ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. నమలక్కర్లేదు. నాలుకతో నొక్కితే చాలు. చప్పగా ఉంది, అంతే. నోట్లోంచి పళ్ళు తీసి నీళ్ళ గ్లాసులో వేసింది. చిన్న పళ్ళెం తెచ్చుకుని, నాలుగు చెంచాలు అందులోకి తీసుకుని, ఉప్పు, మిరియాల పొడి చల్లి, కాస్త వెన్న వేసుకుని తిన్నది. దొర ఎదురుగా కూర్చుని, ఆవిడ చేతినీ నోటినీ మార్చిమార్చి చూశాడు.

"నీకూ పెడతాను, ఉండు," అంది ఆవిడ.

నాలుగు చెంచాలు ఆరయ్యాయి. రెండు వారాలకి సగానికి సగం అయింది. ఆవిడకి సిగ్గుగానే ఉండేది. ఇవాళ్టితో ఆపేయాలి అని రోజూ అనుకునేది. ఒంటిగంట అయ్యేసరికి కాళ్ళు వాటంతటవే వంటింట్లోకి నడిచేవి. అయితే దొరకి తక్కువ పెడుతున్నానన్న బాధ కొద్దీ, నూనె, పొడి మాత్రం చార్టు ప్రకారం పూర్తిగా వేసేది.

నెల తిరిగేసరికి ఆవిడ బుగ్గలు కాస్త నిండాయి. ఎవరూ గమనించలేదు. దొర ముప్ఫై ఒకటికి దిగాడు, మధ్యలో రెండు రోజులు విరేచనాలు కూడా పట్టుకున్నాయి. అది అందరూ గమనించారు. వాడిని ప్రతి ఆదివారం పశువుల క్లినిక్‌కి తీసుకెళ్ళి తూచేవారు, గీత గీసేవారు. గీత కిందికి దిగడం చూసి డాక్టరుకి నిద్ర పట్టలేదు. రక్తపరీక్ష చేయించాడు, పొట్ట స్కానింగు చేయించాడు, పురుగుల మందు వేయించాడు. కోడలు ఇంటర్నెట్‌లో చదివి థైరాయిడ్ అంది. అన్నీ బాగానే ఉన్నాయి.

పశువుల డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి పక్కన పెట్టింది. "జబ్బేమీ లేదు. తిండి చాలడం లేదు. మధ్యాహ్నం ఎవరు పెడతారు?"

"మా అమ్మ. చాలా జాగ్రత్త మనిషి."

"ఆవిడని ఒకసారి అడగండి."

డాక్టరు ఆవిడని అడగలేదు. కారెక్కేలోపే భార్యాభర్తలిద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. చాలా రోజుల తర్వాత ఇద్దరికీ ఒక విషయంలో మాట కలిసింది. దొంగ వంటావిడే.

మర్నాడు పొద్దున వంటావిడ గుమ్మడికాయ కోస్తుంటే డాక్టరు చార్టు చేత్తో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. వెనకే భార్య.

"రోజూ ఎంత కోడిమాంసం వండుతున్నావ్?"

"మీరు తూచి ఇచ్చిందే కదా సార్."

"వండాక డబ్బాల్లోకి అంతా వస్తోందా?"

వంటావిడ కత్తి కింద పెట్టింది. ఆవిడకి విషయం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. "కుక్క తిండి మూటగట్టుకుని ఇంటికి పట్టుకెళ్తున్నాననా సార్ మీ అనుమానం?"

"అనుమానం కాదు. లెక్క తేలడం లేదు అంటున్నాను," అన్నాడు డాక్టరు.

"సంచీ చూపించమంటారా?" అని వంటావిడ గోడ మేకుకి తగిలించిన తన సంచీ తీసి బల్ల మీద బోర్లించింది. దువ్వెన, తాళంచెవి, మడతపెట్టిన గొడుగు పడ్డాయి.

"ఆ అమ్మాయిని ఏమీ అనకు," అంది గుమ్మం దగ్గర్నుంచి తల్లి. "దొర అన్నం నేను తింటున్నాను."

డాక్టరుకి మొదట అర్థం కాలేదు. "నువ్వు పెడుతున్నావు. అది తెలుసమ్మా."

"పెడుతున్నాను, తింటున్నాను. సగం వాడికి, సగం నాకు."

అన్నం మాట వినగానే దొర తోక నేలకేసి కొట్టాడు. డాక్టరు ముఖంలో ఏదో పెద్ద లెక్క నడిచింది.

"ఉప్పు వేశావా?" అన్నాడు చివరికి.

"ఏమిటి?"

"అందులో ఉప్పు వేశావా అని. ఉప్పు ఎక్కువైతే వాడికి మంచిది కాదు."

"వాడి దాంట్లో వెయ్యలేదు. నాది వేరే పళ్ళెంలోకి తీసుకుని వేసుకున్నాను."

"నూనె కలపక ముందు తీశావా, కలిపాకా?"

"ముందే. ఆ వాసన నాకు పడదు."

"అంటే వాడికి సగం అన్నంలో మొత్తం నూనె పడింది," అన్నాడు డాక్టరు భార్య వైపు తిరిగి. "మొన్నటి విరేచనాలకి అదీ కారణం. నేను చెప్తూనే ఉన్నాను, నిష్పత్తి తప్పింది అని."

కోడలి ఆలోచన ఇంకోవైపు పోయింది. "అత్తయ్యా, ఈ సంగతి పక్కింటివాళ్ళకి గానీ చెప్పారా?"

"ముందు పెద్దమ్మగారు ఎందుకు తిన్నారో అడగండి సార్," అంది వంటావిడ, సంచీలోకి దువ్వెన సర్దుకుంటూ.

అప్పుడు అడిగాడు. మెత్తగా ఉంటుందని తిన్నాను అంది తల్లి. మిగతావి నమలలేకపోతున్నాను అంది. "పళ్ళు నిలవడం లేదురా. కింద పుండు పడింది."

"ఏ పళ్ళు?"

"నువ్వు చేసిన పళ్ళు."

డాక్టరు నిటారుగా నిలబడ్డాడు. "ఆ సెట్‌లో లోపం లేదమ్మా. నేను చేసిన వాటిల్లోకెల్లా మంచి పని అది. నీ చిగుళ్ళు అరిగుంటాయి. క్లినిక్‌కి రా, చూస్తాను."

వంటావిడకి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. సాయంత్రం కోడలు ఆవిడకి ఫోన్ చేసి, రేపటి నుంచి దొర డబ్బాలకి చిన్న తాళం పెడదామనుకుంటున్నాను, నువ్వేమంటావు అని అడిగింది. వంటావిడ ఫోన్ పెట్టేసింది. రెండు రోజులు పనికి రాలేదు. మూడో రోజు పెద్దమ్మగారి ముఖం చూసి వచ్చింది.

తల్లి క్లినిక్‌కి వెళ్ళింది. గంటన్నర కూర్చోబెట్టి, ఇద్దరు రోగుల మధ్య అయిదు నిమిషాలు చూసి, సెట్టుని ఒకచోట కాస్త గీకి, పుండు మీద పూసే మందు ఇచ్చి, వచ్చేవారం కొత్త అచ్చు తీద్దాం అన్నాడు కొడుకు. వచ్చేవారం ఆయనకి డాక్టర్ల సమావేశం ఉంది. ఆ పై వారం అదే రోజు దొరని తూకానికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆ తర్వాత తల్లి గుర్తు చెయ్యలేదు, కొడుక్కి గుర్తు రాలేదు.

అయితే ఇంట్లో ఆవిడ తిండి మీద చర్చ మొదలైంది. దాన్ని మాత్రం ఎవరూ నిర్లక్ష్యం చెయ్యలేదు. పచ్చి కూరగాయలు మిక్సీలో తిప్పి రసం ఇస్తే సహజమైన పోషకాలు పోవు అన్నాడు కొడుకు. పెద్దవాళ్ళ కోసం ప్రత్యేకంగా తయారుచేసిన పొడి డబ్బాలు వస్తాయి, నీళ్ళలో కలిపితే చాలు, చేతికి అంటదు అంది కోడలు. ఆ డబ్బా మీద కూడా కొండలు ఉన్నాయి, కుక్క బదులు నవ్వుతున్న ముసలి దంపతులు. పొద్దున ఆకుపచ్చ రసం, మధ్యాహ్నం పొడి, సాయంత్రం మళ్ళీ రసం. ఫ్రిజ్ తలుపు మీద దొర చార్టు పక్కన రెండో చార్టు వెలిసింది. ఆదివారం దొరని తూచాక, ఇంటికొచ్చి ఆవిడని కూడా తూచేవారు.

"పెద్దమ్మగారికి కాస్త అన్నం మెత్తగా వండి పెడతాను మేడమ్," అంది వంటావిడ ఒకరోజు.

"బియ్యం వల్ల షుగర్ వస్తుంది," అంది కోడలు.

"దొరకి రాదా?"

కోడలు ఆ ప్రశ్న విననట్టు పక్కగదిలోకి వెళ్ళింది.

ఆ గురువారం పదకొండింటికి వంటావిడ పని ముగించుకుని బయల్దేరుతుంటే, తల్లి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "నువ్వు పళ్ళు ఎక్కడ చూపించుకుంటావ్?" అని అడిగింది.

రెండు వీధులవతల, సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన, ఇరుకు మెట్లెక్కి వెళ్తే ఒకే ఒక గది. పళ్ళ డాక్టరు ముసలాయన, మెడలో అద్దాలు గొలుసుకి వేలాడుతున్నాయి. గోడమీద పెయింట్ పెచ్చులూడి ఉంది. ఆవిడ చేతిలో పెట్టిన సెట్టుని ఆయన కిటికీ వెలుగులో అటూఇటూ తిప్పి చూశాడు.

"ఎవరు చేశారమ్మా?"

ఆవిడ ఒక క్షణం తటపటాయించింది. "ఒక డాక్టరుగారు."

"మంచి పనివాడు," అన్నాడాయన. "చేశాక మళ్ళీ మీ నోరు చూసినట్టు లేదు."

ఏమేం తినాలనిపిస్తుంది అని అడిగాడు. ఆవిడ చాలాసేపు ఆలోచించింది. ఈ మధ్య ఎవరూ అడగని ప్రశ్న. వేయించిన వేరుశనగ గింజలు అంది. అచ్చు తీశాడు. నాలుగుసార్లు రమ్మన్నాడు. నాలుగుసార్లూ ఆవిడ వంటావిడతో కలిసి నడకకి వెళ్తున్నానని చెప్పి వెళ్ళింది. నడక మంచిదే అని కొడుకు చార్టులో రాశాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భార్యాభర్తలు పచ్చి ఆకులు నములుతున్నారు. పక్కన ఆకుపచ్చ రసం గ్లాసు ముట్టకుండా అలాగే ఉంది. తల్లి కొంగులోంచి పొట్లం తీసి, ఒక్కొక్క గింజ నోట్లో వేసుకుంటోంది. కరకరమని చప్పుడు. డాక్టరు ఆ చప్పుడుకి తల ఎత్తాడు. ఇరవై అయిదేళ్ళ అనుభవం ఉన్న చెవి అది.

"ఒకసారి నోరు తెరువమ్మా."

తెరిచింది. సెల్‌ఫోన్ లైటు వేసి, లోపలికి వంగి చూశాడు. దొర పళ్ళు చూసిన రోజున ఎంత శ్రద్ధగా చూశాడో అంత శ్రద్ధగా చూశాడు.

"ఇవి నా పళ్ళు కావు."

"కావు. నావి."

"పాలిష్ సరిగ్గా లేదు. రంగు ఒక పిసరు ఎక్కువ పసుపు," అన్నాడు.

"నమలడానికి బాగున్నాయి."

"నన్ను అడగొచ్చు కదా? నేను ఇంట్లో ఉండగా బయటివాడి దగ్గరికి వెళ్ళడమేమిటి? నలుగురికీ తెలిస్తే నా పరువేమవుతుంది?"

"నిన్ను అడిగితే చార్టు రాస్తావురా," అంది తల్లి, ఇంకో గింజ నోట్లో వేసుకుంటూ. "రేపటి నుంచి నాకు అన్నం వండమని ఆ అమ్మాయికి చెప్పాను. షుగరొస్తే నా షుగరు, నేను చూసుకుంటాను."

టెలిఫోన్ ఎక్స్ఛేంజి గొంతు అది. టకటకలు లేవు. కోడలు ఆకు నమలడం ఆపి చూసింది.

డాక్టరు రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడోరోజు వంటావిడని అడిగి ఆ చోటు తెలుసుకుని, మధ్యాహ్నం భోజన విరామంలో కారు వేసుకుని వెళ్ళాడు. చదువు ఎక్కడ చదివాడో, అనుమతి కాగితం ఉందో లేదో అడిగి, నాలుగు మాటలు గట్టిగా అనాలని వెళ్ళాడు. సైకిళ్ళ కొట్టు పక్కన ఇరుకు మెట్లు. మెట్లమీద గదిలో చోటు చాలనివాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. అందరూ ముసలివాళ్ళే. ఒకాయన చేతిరుమాలు విప్పి చూసుకుంటున్న పళ్ళ సెట్టు తన చేతిపనే అని డాక్టరుకి చూడగానే తెలిసిపోయింది. పై మెట్టుమీద ఇంకో ఇద్దరు. వాళ్ళూ ఆయన రోగులే.

ఒకావిడ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. చేతిరుమాలు ఆయన మాత్రం మర్యాదకి పక్కకి జరిగి చోటిచ్చాడు.

"కూర్చోండి డాక్టరుగారూ. కాస్త ఆలస్యమవుతుంది. ఈయన ఒక్కొక్కరితో చాలాసేపు మాట్లాడతాడు."